రొయ్యల ప్లాంటులో 12 గంటల డ్యూటీ: ఓటీ (ఓవర్‌టైం) ఎప్పటి నుంచి లెక్క, ఎవరిని అడగాలి?

గోస్తనీ కాలవ:

భీమవరం పక్క ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేసేవాళ్ల తరఫున అడుగుతున్నానండి. ప్లాంటు పేరు ఇక్కడ వద్దు, సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

గ్రేడింగు, ప్యాకింగు, బ్లాక్ ఫ్రీజర్ దగ్గర నెల జీతం మీద 60 మంది దాకా ఉన్నారు. పీలింగ్ టేబుళ్ల దగ్గర కిలో లెక్కన ఆడవాళ్లు 80 మంది దాకా. అందరూ ఇద్దరు కాంట్రాక్టర్ల కిందే. కంపెనీ బస్సు ఊళ్లలో ఎక్కించుకుని ఉదయం 8కి గేటు లోపల దింపుతుంది, రాత్రి 8కి వదులుతారు. భోజనానికి అరగంట, టీకి రెండుసార్లు పావుగంట. నెల జీతం 15,600, అంతా ఒకటే ముక్క, స్లిప్పు ఇవ్వరు. 8 దాటాక సరుకు మిగిలితే 10 దాకా ఉంచేస్తారు, నెలకు 8 రాత్రులు అలా పడుతున్నాయి. ఆ రెండు గంటలకు మాత్రం గంటకు 60 చొప్పున కాంట్రాక్టరు ఫోన్‌పే చేస్తాడు.

అడిగితే మేనేజరు చెప్పేది: "రాష్ట్రంలో ఇప్పుడు రోజుకు 10 గంటలు చేశారు, మీకు ఓటీ ఉండదు." కాంట్రాక్టరు చెప్పేది: "మాట్లాడుకున్నదే 12 గంటలకు." డబ్బు సంగతి ఎత్తితే ఒకరు ఇంకొకరి మీద తోసేస్తున్నారు.

ఓటీ ఎన్నో గంట నుంచి మొదలవుతుంది? గంటకు ఎంత రావాలి? కిలో లెక్క వాళ్లకు అసలు ఓటీ ఉంటుందా? సెక్షన్లు తెలిసినవాళ్లు అంకెలతో సహా చెప్పండి.

మస్టర్‌రోలు:

ముందు ఆ 10 గంటల మాట తేల్చుకుందామండి. అందులో సగమే నిజం. 2025 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ ఫ్యాక్టరీల చట్టానికి సవరణ ఆమోదించింది. రోజు పని 9 నుంచి 10 గంటలకు, విశ్రాంతితో కలిపి మొత్తం సమయం పదిన్నర నుంచి 12 గంటలకు, మూడు నెలల్లో చేయించగల ఓటీ 75 నుంచి 144 గంటలకు పెంచుతూ చేసిన సవరణ అది. అందులో వారానికి 48 గంటలన్నది మాత్రం కదల్లేదు. అంటే రోజూ 10 గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 60 అవుతుంది, పైనున్న 12 గంటలూ ఓటీయే. మేనేజరు ఈ ముక్క చెప్పడు.

ఆ తరవాత 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ (అందరూ ఓఎస్‌హెచ్ కోడ్ అంటున్నారు) 25వ సెక్షన్ రోజుకు 8 గంటలే అంటుంది. 27వ సెక్షన్‌లో మూడు విషయాలున్నాయి. ఓటీకి రెట్టింపు రేటు. లెక్క రోజువారీగానైనా వారంగానైనా, కార్మికుడికి ఏది లాభమో అది. ఓటీ చేయించాలంటే కార్మికుడు ఒప్పుకోవాలి. వేతనాల కోడ్ 14వ సెక్షన్ కూడా కనీస వేతనం నిర్ణయించిన పనులన్నిటికీ రెట్టింపుకు తగ్గకూడదనే చెబుతుంది. పైగా గంటలో కొంత భాగం చేసినా ఇవ్వాలంటుంది. 8:20కి వదిలితే ఆ 20 నిమిషాలూ లెక్కలోకి వస్తాయన్నమాట.

ఇప్పుడు మీ అంకెలు. 15,600ను 26తో భాగిస్తే రోజుకు 600. 8తో భాగిస్తే గంటకు 75. రెట్టింపు 150. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా 12 గంటల్లో విశ్రాంతి గంట తీసేస్తే పని 11 గంటలు, ఓటీ 3 గంటలు. 26 రోజులకు 78 గంటలు, 11,700 రూపాయలు. 10 దాకా ఉంచిన 8 రాత్రులకు ఇంకో 16 గంటలు, 2,400. మొత్తం 14,100. కాంట్రాక్టరు ఫోన్‌పే చేసిన 960 తీసేస్తే ఒక్కో మనిషికి నెలకు 13,140 బాకీ. జీతానికి దగ్గరదగ్గర అంత!

రోజు లెక్కా వారం లెక్కా అనేది ఎక్కడ తేడా కొడుతుందంటే, సరుకు లేక వారంలో నాలుగు రోజులే పని దొరికినప్పుడు. నాలుగు పదకొండ్లు 44, వారం లెక్కన 48 దాటలేదు కాబట్టి ఓటీ సున్నా అంటారు. రోజు లెక్కన 12 గంటలు, 1,800 రూపాయలు. కొత్త కోడ్ ప్రకారం ఈ రెండోదే ఇవ్వాలి. 2025 నవంబరు 21కి ముందు వారాలకైతే ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ ప్రకారం రోజుకు 9 దాటితే గానీ వారానికి 48 దాటితే గానీ రెట్టింపు. ఆరు రోజులూ చేసిన వారానికి అప్పుడైనా ఇప్పుడైనా 18 గంటలే వస్తాయి. అందుకని పాత, కొత్త కాలాలకు విడివిడిగా పట్టిక వేయండి, కలిపేస్తే అవతలివాళ్లకు గొడవ పెట్టడానికి సందు దొరుకుతుంది.

144 గంటల పరిమితి దాటింది కాబట్టి దాటిన గంటలకు డబ్బు రాదని కూడా అంటారు. పరిమితి యాజమాన్యానికి. దాటించింది వాళ్లు. చేసిన గంటకు డబ్బు ఎక్కడికీ పోదు.

పెనుగొండ అకౌంట్సు:

పై లెక్క సరైనదే. ఒకచోట జాగ్రత్త కావాలి. చాలా ఆఫీసుల్లో నెల జీతాన్ని 30తో భాగిస్తారు. 15,600ను 240 గంటలతో భాగిస్తే గంటకు 65, రెట్టింపు 130. గంట దగ్గర 20 రూపాయలు పోయాయి. నెలకు 94 గంటల మీద 1,880. వారానికి ఒక సెలవు పోను పనిదినాలు 26, గంటలు 208 అని మొదటి కాగితంలోనే రాసెయ్యండి. కనీస వేతనాల లెక్కలోనూ రోజు వేతనాన్ని 26తో హెచ్చిస్తే నెల, 8తో భాగిస్తే గంట.

రెండో సంగతి, రేపు మీరు అడిగాక స్లిప్పులు తయారవుతాయి. అందులో 15,600ను ఇలా విడగొడతారు: బేసిక్, డీఏ కలిపి 6,000, ఇంటద్దె భత్యం 5,400, రవాణా భత్యం 4,200. ఓటీ 6,000 మీదే అంటారు. కోడ్ దీన్ని ఒప్పుకోదు. ఇంటద్దె, రవాణా లాంటి మినహాయింపులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం తిరిగి వేతనంలో కలుస్తుంది. ఇక్కడ మినహాయింపులు 9,600, సగం 7,800, దాటింది 1,800. వేతనం 7,800 కింద లెక్కకొస్తుంది. అయినా 75 రావాల్సినచోట గంటకు 37.50యే పడుతుంది. అందుకే ఇప్పటిదాకా విడగొట్టకుండా ఒకే మొత్తంగా బ్యాంకులో వేసిన నెలల స్టేట్‌మెంట్లు ముందే తీసి పెట్టుకోండి. విడగొట్టడం తరవాత పుట్టిందని చూపించడానికి అంతకన్నా మంచి కాగితం లేదు. ఇంకా, 7,800 అనే అంకె మీ కేటగిరీ కనీస వేతనం కన్నా తక్కువుంటే అది విడిగా ఇంకో క్లెయిము. రాష్ట్రంలో డీఏ ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది కాబట్టి ఏ నెలకు ఆ నెల కనీస వేతనాల షీటు చూడాలి.

"మాట్లాడుకున్నదే 12 గంటలకు" అన్నదానికి జవాబు కూడా లెక్కలోనే ఉంది. 600లో ఓటీ కలిసే ఉందంటే, 8 మామూలు గంటలు, 3 ఓటీ గంటలు రెట్టింపు అంటే 6, మొత్తం 14 భాగాలు. 600ను 14తో భాగిస్తే గంటకు 42.86. 8 గంటలకు 343 రూపాయలు. అది మీ రోజు వేతనమని వాళ్లు ఒప్పుకున్నట్టే. ఆ 343ను కనీస వేతనం షీటు పక్కన పెట్టమనండి. ఎటు పోయినా ఇరుక్కునే వాదన అది.

మస్టర్‌రోలు:

దానికి తోడు వేతనాల కోడ్ 60వ సెక్షన్ ఉంది. చట్టం ఇచ్చిన మొత్తాన్ని వదులుకుంటానని రాసిచ్చిన ఒప్పందం చెల్లదు. "నాకు రావాల్సిందంతా ముట్టింది" అని ఖాళీ వోచరు మీద సంతకం పెట్టించుకుని ఉంటే భయపడక్కర్లేదు, కానీ ఇక ముందు అంకె లేని కాగితం మీద సంతకం పెట్టొద్దు. తప్పనిసరైతే సంతకం కింద తేదీ, ముట్టిన మొత్తం మీ చేత్తోనే రాయండి.

కోటిపల్లి రేవు:

ఎవరిని అడగాలన్నది నేను చెబుతాను.

ఇద్దరినీ అడగండి. కాంట్రాక్టరు ఇవ్వకపోతే ప్లాంటు యాజమాన్యం ఇవ్వాలని ఓఎస్‌హెచ్ కోడ్ 55వ సెక్షన్, వేతనాల కోడ్ 43వ సెక్షన్ రెండూ చెబుతున్నాయి. తరవాత కాంట్రాక్టరు బిల్లులో కోసుకోవడం వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. కొత్త సంగతి కూడా కాదు, 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టంలోనూ ఇంతే. ఎక్కడ పొరపాటు జరుగుతుందంటే, అర్జీలో కాంట్రాక్టరు పేరొక్కటే రాస్తారు. విచారణ మధ్యలో అతను కనపడడు, ఫైలు ఆగిపోతుంది. కాబట్టి మొదటి ప్రతివాది ప్లాంటు, రెండో ప్రతివాది కాంట్రాక్టరు. ఇద్దరు కాంట్రాక్టర్లుంటే ఎవరి మనుషులకు వాళ్లది విడి పట్టిక.

వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఒక నోటీసు. ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా, ఇన్ని గంటలు, గంటకు ఇంత, ముట్టింది ఇంత, బాకీ ఇంత, 15 రోజుల్లో ఇవ్వండి అని. ప్లాంటుకు, కాంట్రాక్టరుకు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, డెలివరీ అయినట్టు చూపే ట్రాకింగు కాగితం దాచండి (రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది). జవాబు రాకపోతే సహాయ కార్మిక కమిషనర్ కార్యాలయంలో అర్జీ. క్లెయిము వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద నిర్ణీత అథారిటీ ముందు వేస్తారు, ఏ అధికారి ముందన్నది అక్కడే చెప్పి ఫారం ఇస్తారు. 60 మందికీ ఒకటే అర్జీ వేయొచ్చు. రిజిస్టరైన యూనియన్‌లో సభ్యులైతే యూనియన్ వేయొచ్చు. ఇన్‌స్పెక్టర్ కూడా వేయొచ్చు. పేరు బయటపడితే తీసేస్తారని భయపడేవాళ్లకు ఈ చివరి రెండూ పనికొస్తాయి.

గడువు మూడేళ్లు. కానీ పాత చట్టాల్లో వేతనాల చెల్లింపు చట్టం కింద 12 నెలలు, కనీస వేతనాల చట్టం కింద 6 నెలలే. 2025 నవంబరుకు ముందు బాకీల మీద అవతలి వకీలు ఈ మాట ఎత్తుతాడు. అందుకని పాత నెలలకు ఆలస్యం ఎందుకైందో ఒక పేరా రాసి అర్జీతోపాటే పెట్టండి: స్లిప్పులు ఇవ్వలేదు, రేటు చెప్పలేదు, ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోశారు అని. తగిన కారణం ఉంటే గడువు దాటినా తీసుకునే అధికారం అథారిటీకి ఉంది.

బాకీతోపాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేయొచ్చు. పది రెట్లూ పడుతుందని ఆశ పెట్టుకోవద్దు, కానీ అర్జీలో అడగకపోతే అసలు రాదు. ఉత్తర్వు వచ్చాక కట్టకపోతే రికవరీ సర్టిఫికెట్ కలెక్టరుకు వెళుతుంది, భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు.

వకీలు ఫీజు గురించి: న్యాయ సేవాధికార చట్టం 1987, 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. మండల న్యాయ సేవా కమిటీ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోన్ అయితే 15100. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వడం మంచిదే, అది ఒత్తిడికి. డబ్బు తెచ్చేది మాత్రం 45వ సెక్షన్ అర్జీయే. ఒకటి ఇచ్చి రెండోది మరిచిపోయిన కేసులే ఎక్కువ.

గోస్తనీ కాలవ:

ధన్యవాదాలండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో మూడు అడగాలి. కిలో లెక్క వాళ్ల సంగతి మిగిలింది. రెండోది, లారీ ఆలస్యమైతే 8కి దిగినవాళ్లను 11 దాకా గోడ పక్కన కూర్చోబెట్టి ఆ మూడు గంటలు పని కాదంటున్నారు. మూడోది, పంచింగ్ మెషిన్ ఉంది కానీ రాత్రి 8కి అందరినీ పంచ్ చేయించి మళ్లీ లోపలికి పంపిస్తారు. అప్పుడు రుజువేది?

మస్టర్‌రోలు:

కిలో లెక్క వాళ్లకు ఓటీ కచ్చితంగా ఉంది. పాత ఫ్యాక్టరీల చట్టం 59(3)లో పద్ధతి స్పష్టంగా ఉండేది. ఓటీ చేసిన నెలకు ముందు నెల తీసుకోండి. అందులో అదే పని మీద నిజంగా పనిచేసిన రోజుల్లో, ఓటీ కలపకుండా, సంపాదించింది ఎంత? దాని రోజు సగటే ఆమె రేటు. ఉదాహరణకు 24 రోజుల్లో మామూలు గంటల సంపాదన 13,440 అయితే రోజుకు 560, గంటకు 70, ఓటీ గంటకు 140. ఓటీ గంటలో వలిచిన కిలోలకు ఇప్పటికే 70 ముట్టి ఉంటే బాకీ ఇంకో 70. కిలో డబ్బు ఇచ్చాం కదా, ఇక ఓటీ ఏంటి అనేవాళ్లకు ఇదే జవాబు.

కానీ ఈ లెక్కకు ఏ గంటలో ఎన్ని కిలోలన్నది కావాలి. తూకం దగ్గర టేబుల్ వారీగా రాసే చీటీ ఉంటుంది కదా, అందులో టైము ఉంటుంది. సాయంత్రం 4:30కి, అంటే 8 గంటల పని పూర్తయ్యేసరికి (విశ్రాంతి లెక్కను బట్టి 5 కావచ్చు), అప్పటిదాకా తూచిన మొత్తం ఎంతో ప్రతి టేబుల్ నుంచి ఒకరు రాసుకుంటే చాలు. రొయ్య సైజు (కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు) కూడా రాయండి. 30 కౌంట్ వలిచే రోజుకూ 80 కౌంట్ వలిచే రోజుకూ గంట సంపాదన చాలా తేడా వస్తుంది. చిన్న కౌంట్ రోజుల్లో 8 గంటల కిలో డబ్బు కనీస రోజు వేతనానికి తగ్గితే, తగ్గిన మేరకు ముందు అది నింపాలి. ఓటీ లెక్క ఆ నింపిన రేటు మీద.

ఆడవాళ్ల విషయంలో ఇంకో మాట. సాయంత్రం 7 తరవాత పని చేయించాలంటే ఓఎస్‌హెచ్ కోడ్ 43వ సెక్షన్ ప్రకారం వాళ్ల అంగీకారం ఉండాలి, భద్రత ఏర్పాట్లు ఉండాలి. 80 మందిని రోజూ 8 దాకా ఉంచుతున్నారు కాబట్టి ఆ అంగీకార పత్రాలు చూపమని అర్జీలో అడగండి. అవి చూపిస్తే 7 తరవాత పని జరిగిందని వాళ్లే ఒప్పుకున్నట్టు. చూపకపోతే అది ఇంకో ఉల్లంఘన.

లారీ సంగతి. రెండు రకాలుగా జరుగుతుంది. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి సరుకు రాలేదని ఇంటికి పంపితే, రోజు కూలీ వాళ్లకు వేతనాల కోడ్ 10వ సెక్షన్ ప్రకారం పూర్తి రోజు వేతనం ఇవ్వాలి. పని చేయనన్నది కార్మికుడు కాదు కదా. కూర్చోబెట్టి తరవాత పని చేయిస్తే, ఆ మూడు గంటలు విశ్రాంతి కాదని వాదించాలి. విశ్రాంతి అంటే నోటీసు బోర్డు మీద ముందే రాసిన సమయం, మనిషి తన ఇష్టం వచ్చినట్టు వాడుకునే సమయం. గేటు దాటి పోనివ్వకుండా, యాప్రాన్ వేసుకుని పిలవగానే లేవాల్సిన చోట కూర్చున్నది డ్యూటీయే. గేటు దగ్గర పోనివ్వలేదన్న సంగతి వాంగ్మూలంలో తప్పకుండా రావాలి, ఆ ఒక్క వాక్యం మీదే ఇది నిలబడుతుంది.

ఒకవేళ పని అర్ధరాత్రి దాటితే, 12 తరవాత గంటలను మర్నాటి ఖాతాలో వేసి రెండు రోజులూ 8 లోపే చూపిస్తారు. అది తప్పు. అర్ధరాత్రి తరవాత గంటలు షిఫ్టు మొదలైన రోజుకే చేరతాయి. ఓఎస్‌హెచ్ కోడ్ 28వ సెక్షన్.

ఆకివీడు టైమాఫీసు:

పంచింగ్ గురించి రాస్తున్నాను, ఇది మీకు చాలా ముఖ్యం.

8కి పంచ్ చేయించి మళ్లీ లోపలికి పంపితే పంచింగ్ రికార్డు మీకే ఎదురు తిరుగుతుంది. కానీ రొయ్యల ప్లాంటులో పని జరిగిన జాడ దాచడం కష్టం. ఎగుమతి ప్లాంటు కాబట్టి హెచ్‌ఏసీసీపీ (ఆహార భద్రత పద్ధతి) రికార్డులు రాయక తప్పదు. ఏ లాటు ఎన్నింటికి దిగింది, నీళ్లలో క్లోరిన్ ఎంత, చేతులు ముంచే తొట్టి ఎప్పుడు మార్చారు, ఫ్రీజర్‌లోకి ఎన్నింటికి ఎక్కించారు, బయటికి ఎన్నింటికి తీశారు, సరుకు లోపలి ఉష్ణోగ్రత మైనస్ 18కి ఎప్పుడు చేరింది, అన్నీ టైముతో సంతకంతో ఉంటాయి. విదేశీ కొనుగోలుదారుడు అడిగితే చూపించాల్సినవి, వాటిని మార్చడానికి ఎవరూ తొందరగా సాహసించరు. రాత్రి 9:40కి ఫలానా లాటు ప్యాకింగు అయిందని ఆ పుస్తకంలో ఉంటే, 8కి అందరూ వెళ్లిపోయారన్న పంచింగ్ నిలబడదు.

కాబట్టి అర్జీతోపాటు ఇంకో కాగితం పెట్టండి, ఈ రికార్డులు తెప్పించమని: మస్టర్, వేతన రిజిస్టర్, ఓటీ రిజిస్టర్, గేటు రిజిస్టర్, కార్మికుల బస్సు ట్రిప్ షీట్లు, క్యాంటీన్ రాత్రి టిఫిన్ లెక్క, లాటువారీ ప్రాసెసింగ్ రికార్డులు. "అన్ని రికార్డులూ" అని రాస్తే ఏదీ తేరు. పేరు పేరునా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని రాయాలి. బాకీ కట్టేశామని రుజువు చేసుకోవాల్సిన భారం వేతనాల కోడ్ 59వ సెక్షన్ ప్రకారం యాజమాన్యానిది. కానీ ఇన్ని గంటలు పని జరిగిందని ముందు మీరు చెప్పి నిలబడాలి, ఆ భేదం మరవొద్దు.

మీ వైపు రుజువు మామూలు రూళ్ల నోటుపుస్తకం. లోపలికి ఫోన్లు పోనివ్వరు కాబట్టి బస్సు దిగగానే ఆ రోజే రాయాలి. ఇలా:

"12వ తేదీ, బుధవారం. లోపలికి 7:55. భోజనం 1:10 నుంచి 1:40. టీ 11, 5. పంచ్ 8:02. మళ్లీ లోపలికి 8:10. బయటికి 10:05. ప్యాకింగ్ లైన్ 2, 40 కౌంట్. బస్సు ఎక్కింది 10:15."

రోజుకు ఒక వరుస చాలు. నెలాఖరున కూర్చుని ఒకే పెన్నుతో ఒకేసారి నింపిన పుస్తకం ఒక్క ప్రశ్నకే పడిపోతుంది. అన్ని రోజులూ సరిగ్గా 8:00, 10:00 అని రాసినా అంతే, మనిషి నిజంగా రాస్తే నిమిషాలు తేడాగానే వస్తాయి. ముగ్గురు నలుగురు విడివిడిగా రాసిన పుస్తకాలు ఒకదానికొకటి సరిపోతే వాటికి బలం ఎక్కువ. ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకోవద్దు.

ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు తీసి, ఆ లావాదేవీలు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా తీయించండి. 120 పడిందంటే ఆ రాత్రి రెండు గంటలు ఉంచారని కాంట్రాక్టరే రాసిచ్చినట్టు. గంటకు 60 చొప్పున ఇస్తున్నానన్న వాయిస్ మెసేజ్ ఏదైనా ఉంటే చెరపొద్దు.

మండపేట మిల్లులు:

ఇదే దారంలో అడుగుతున్నాను. మా వైపు రైసు మిల్లుల్లో సార్వా, దాళ్వా సీజన్లలో డ్రయ్యరు, బాయిలరు ఆపరేటర్లను మూడు షిఫ్టులకు బదులు 12 గంటల చొప్పున రెండు షిఫ్టులు చేయిస్తారు. మెషిన్ ఆపితే ధాన్యం పాడవుతుంది కాబట్టి ఓటీ వర్తించదంటున్నారు. మిల్లులో 14 మందే. కోడ్ వర్తిస్తుందా? బస్తా లెక్క హమాలీల సంగతేంటి?

కోటిపల్లి రేవు:

14 మంది అంటే, కరెంటుతో నడిచే చోట 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అన్నది కొత్త కోడ్ నిర్వచనం (పాత చట్టంలో 10). ఫ్యాక్టరీ కాకపోయినా 10 మందికి తగ్గని సంస్థ కాబట్టి ఓఎస్‌హెచ్ కోడ్ ఉంటుంది. వేతనాల కోడ్‌కైతే మనుషుల సంఖ్యతో పని లేదు. కనుక రెట్టింపు రేటు అడగడానికి 14 మంది అడ్డు కాదు.

మెషిన్ ఆపలేమన్న మాటకు: ఆగని పనులకు గంటల విషయంలో మినహాయింపులు ఇవ్వడం ఎప్పటినుంచో ఉంది. గంటలు పెంచుకునే మినహాయింపు వేరు, రెట్టింపు డబ్బు ఎగ్గొట్టే మినహాయింపు వేరు. కరోనా టైములో గుజరాత్ ప్రభుత్వం 12 గంటల పనికి మామూలు రేటే చాలని ఉత్తర్వులిస్తే, సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న వాటిని కొట్టేసి, ఆ కాలానికి ఓటీ మొత్తం కట్టమంది. మహమ్మారికే కుదరనిది డ్రయ్యరుకు కుదురుతుందా? మీ దగ్గర ఆపరేటరును "సూపర్‌వైజర్" అని రాసి ఓటీ లేదనడం కూడా వింటుంటాం. పేరు కాదు, చేసే పని చూస్తారు. వాల్వు తిప్పేవాడు, పొట్టు ఎగదోసేవాడు సూపర్‌వైజరు కాడు.

హమాలీల విషయం కొంచెం చిక్కు. జట్టు నాలుగు మిల్లులు తిరిగి ఎవరి బస్తాకు వాళ్ల దగ్గర కూలీ తీసుకుంటే యజమాని ఎవరన్న దగ్గరే ఆగిపోతుంది. ఒకే మిల్లులో, మిల్లు చెప్పిన టైముకే వచ్చి పోతూ, వేరే చోటికి పోనివ్వకుండా ఉంటే కిలో లెక్క వాళ్లలాగే బస్తా లెక్కకూ సగటు కట్టి అడగొచ్చు. మేస్త్రీ చేతి పుస్తకంలో లారీ నంబరు, బస్తాలు, టైము ఉంటే అదే ఆధారం.

గోస్తనీ కాలవ:

అందరికీ చాలా ధన్యవాదాలండి. ఆఖరుగా ఒకటి. అర్జీ వేశాక రేపు పనికి రావద్దంటే?

కోటిపల్లి రేవు:

రావద్దన్న రోజునే గేటు దగ్గరికి వెళ్లి, లోపలికి పోనివ్వలేదని అదే సాయంత్రం ప్లాంటుకూ కార్మిక శాఖకూ కాగితం పెట్టండి, స్పీడ్ పోస్టులో. పని మానేసి వెళ్లిపోయారన్నది వాళ్లు మొట్టమొదట ఎత్తే వాదన, దానికి ఈ కాగితం అడ్డుపడుతుంది. తీసేసినట్టయితే అప్పటిదాకా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి, వేతనాల కోడ్ 17వ సెక్షన్. తీసివేత మీద విడిగా కన్సిలియేషన్ (రాజీ కుదిర్చే) అధికారి దగ్గర అర్జీ వేయాలి. 45 రోజుల్లో తేలకపోతే ఆ మనిషి నేరుగా ట్రిబ్యునల్‌కు పోవచ్చు. ఓటీ క్లెయిము దీంతో ఆగదు, దాని దారిన అది నడుస్తుంది. తీసివేత, ఓటీ రెండూ కలిపి ఒకే కాగితంలో రాయొద్దు, అధికారులు వేరు, సెక్షన్లు వేరు.

అర్జీ ఇచ్చేటప్పుడు ప్రతి కాగితానికీ మూడు జెరాక్సులు తీసుకెళ్లండి. ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని గానీ కౌంటరు వదలొద్దు. నోటుపుస్తకాలు అసలువి ఎవరికీ ఇవ్వకండి, విచారణ రోజున చూపించి వెనక్కి తెచ్చుకోవాలి.